లామ్ జబ్బు, రొమ్ము క్యాన్సర్, మధ్యలో జన్యువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెలకి రెండు మూడు ఫోన్లయినా వస్తాయి. అడిగేది ఇంచుమించు ఒకటే. "లామ్ ఉన్నవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ కూడా వస్తుందటగా, జన్యువుల్లోనే ఉందటగా, మా పిల్ల సంగతేంటి?" ఇవాళ ఒకరికి అరగంట చెప్పి, రేపు ఇంకొకరికి అదే చెప్పే బదులు ఒకచోట రాసి పెడుతున్నాను. నేను డాక్టర్ని కాను. తొమ్మిదేళ్ళుగా లామ్‌తో ఉంటున్నాను, దొరికిన పేపరల్లా చదువుతాను, అర్థం కానివి డాక్టర్లని విసిగించి మరీ అడుగుతాను. అంతే. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. మందు మొదలుపెట్టడం, ఆపడం మాత్రం మీ డాక్టర్‌తో మాట్లాడాకే.

## పేరు తెలిసిన కొత్తలో

లామ్ అంటే ఏంటండీ? క్యాన్సరా, కాదా?

పూర్తి పేరు లింఫాంజియోలియోమయోమటోసిస్. పలకడానికే ఊపిరి చాలదు కాబట్టి అందరూ లామ్ అంటారు. నున్నటి కండర కణాల్లాంటి కొన్ని కణాలు ఊపిరితిత్తుల్లో చేరి పెరుగుతూ, చుట్టూ ఉన్న మెత్తటి భాగాన్ని తినేసి గుండ్రటి గాలి తిత్తులు మిగులుస్తాయి. దాదాపు అందరూ ఆడవాళ్ళే, ఎక్కువగా పిల్లల్ని కనే వయసువాళ్ళు.

క్యాన్సరా అంటే, మామూలు అర్థంలో కాదు. కానీ ఈ కణాలు ఒకచోటినుంచి ఇంకోచోటికి ప్రయాణిస్తాయి. ఊపిరితిత్తులు మార్పిడి చేయించుకున్న కొందరిలో దాత ఇచ్చిన ఊపిరితిత్తిలో మళ్ళీ లామ్ కనిపించింది. పరీక్షిస్తే ఆ కణాలు దాతవి కావు, రోగివే. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015 వర్గీకరణలో దీన్ని ఊపిరితిత్తుల కణుతుల జాబితాలో పెట్టింది. నెమ్మదిగా నడిచే కణితి స్వభావం ఉన్న జబ్బు అనుకోండి. క్యాన్సర్ అన్న మాటతో వచ్చే భయం దీనికి అతకదు, మామూలు జబ్బేలే అన్న ధీమా కూడా అతకదు.

ఆయాసం అని వెళ్తే ముందు ఆస్తమా అన్నారు, తర్వాత టీబీ అన్నారు. ఇప్పుడు లామ్ అంటున్నారు. ఏది నమ్మాలి?

ఈ వరస మన దగ్గర చాలామందికి అనుభవమే. నాకూ అంతే. ఒక ఆస్పత్రిలో పదకొండు నెలలు ఇన్‌హేలర్లు వాడించారు. రెండోసారి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ఎమర్జెన్సీలో పడ్డాక హై రిజల్యూషన్ సీటీ తీశారు. ఆ ఫిల్మ్‌ని కిటికీ వెలుగుకి పట్టుకుని చూస్తే రెండు ఊపిరితిత్తులూ పెనం మీద అట్టులా ఉన్నాయి. నిండా గుండ్రటి చిల్లులు, పైనుంచి కిందదాకా ఒకే తీరుగా.

ఆ సీటీ బొమ్మకి తోడు ఇంకొక్క గుర్తు దొరికితే చాలు, లామ్ అని తేల్చేస్తారు. రక్తంలో వీఈజీఎఫ్-డీ అనే ప్రోటీన్ మిల్లీలీటరుకి 800 పికోగ్రాములు, అంతకు మించి ఉండటం, కిడ్నీలో యాంజియోమయోలైపోమా అనే కొవ్వు గడ్డ, ఛాతీలో పాలలాంటి ద్రవం చేరడం, లేదా ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే జన్యు జబ్బు ఉండటం. ఇవేవీ లేకపోతే ముక్క తీసి బయాప్సీ చేస్తారు, హెచ్‌ఎంబీ-45 అనే గుర్తు కోసం చూస్తారు.

ఎక్కడో ఊపిరితిత్తుల జబ్బు, ఎక్కడో రొమ్ము క్యాన్సర్. రెండిటికీ సంబంధం ఎలా పట్టుకున్నారు?

రెండు వైపుల నుంచి. ల్యాబ్‌లో చూసినవాళ్ళకి, ఊపిరితిత్తులకి పాకే రొమ్ము క్యాన్సర్ కణాల గుర్తులు కొన్ని లామ్ కణాల్లోనూ కనిపించాయి. రెండూ ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ మాట వినే కణాలే, రెండూ ఊపిరితిత్తిలో కాపురం పెట్టడం తెలిసినవే. దాంతో, లామ్ ఉన్నవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ నిజంగానే ఎక్కువ కనిపిస్తోందా అని రోగుల లెక్కలు తీశారు. ఆ ఫలితం 2016లో వచ్చింది. ఎక్కువే అని తేలింది.

## జన్యువుల దగ్గర

టీఎస్‌సీ2 పాడైందన్నారు. అది ఏం పని చేస్తుంది?

చెరువు తూము తెలుసుగా. తలుపు దించితే నీళ్ళు ఆగుతాయి, ఎత్తితే పొలానికి పారతాయి. కణంలో ఎంటార్ అనే వ్యవస్థ "పెరుగు, రెండుగా చీలు" అని ఆజ్ఞ ఇస్తుంది. తిండి, హార్మోన్లు, అవసరం చూసుకుని ఆ ఆజ్ఞని అదుపులో ఉంచే తూము తలుపు టీఎస్‌సీ1, టీఎస్‌సీ2 జన్యువులు తయారుచేసే రెండు ప్రోటీన్ల జంట. టీఎస్‌సీ1 తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఉంటుంది, టీఎస్‌సీ2 పదహారో దాని మీద. లామ్‌లో ఎక్కువగా పాడయ్యేది టీఎస్‌సీ2. తలుపు విరిగిపోయాక నీళ్ళు రాత్రీపగలూ పారుతూనే ఉంటాయి, కణం పెరుగుతూనే ఉంటుంది.

ప్రతి జన్యువుకీ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడితే రెండోది పని నెట్టుకొస్తుంది. ఒకే కణంలో రెండూ చెడితేనే ఇబ్బంది.

మరి రొమ్ము క్యాన్సర్‌లో కూడా ఇదే టీఎస్‌సీ2 చెడుతుందా?

సాధారణంగా కాదు. తికమక అంతా ఇక్కడే. పాడయ్యేది అదే కాలవ, కాకపోతే వేరే చోట. హార్మోన్ పాజిటివ్ (అంటే ఆడ హార్మోన్ల సాయంతో పెరిగే) రొమ్ము క్యాన్సర్లలో సుమారు 40 శాతం కణుతుల్లో పీఐకే3సీఏ అనే జన్యువులో మార్పు ఉంటుంది. అది ఏకేటీ అనే ప్రోటీన్‌ని ఉసిగొల్పుతుంది. ఏకేటీ వెళ్ళి టీఎస్‌సీ2ని పని చేయనివ్వదు. అంటే తూము తలుపు బాగానే ఉంది, ఎవరో దాన్ని ఎత్తిపట్టుకుని కూర్చున్నారు. లామ్‌లో తలుపే విరిగింది. పొలానికి మాత్రం రెండు చోట్లా నీళ్ళు ఒకేలా పారుతున్నాయి.

కాబట్టి "రెండు జబ్బులకీ ఒకటే జన్యువు" అన్న మాట తప్పు. "రెండిటిలోనూ చెడింది ఒకే దారి" అంటే సరిపోతుంది. ఈ తేడా పట్టుకుంటే పిల్లల గురించి, అక్కచెల్లెళ్ళ గురించి సగం భయం అక్కడే పోతుంది.

ఎన్‌ఆర్2ఎఫ్2 అని ఇంకో జన్యువు పేరు విన్నాను. అదేంటి?

టీఎస్‌సీ ఒక్కటే కథ మొత్తం చెప్పడం లేదని, 2019లో లామ్ ఉన్న 426 మంది జన్యుపటాన్ని, లేని 852 మంది ఆడవాళ్ళ పటంతో పోల్చి చూశారు. పదిహేనో క్రోమోజోమ్ మీద ఎన్‌ఆర్2ఎఫ్2 పక్కన ఉన్న చిన్న తేడాలు లామ్ ఉన్నవాళ్ళలో ఎక్కువగా కనిపించాయి. ఈ జన్యువు తయారుచేసే ప్రోటీన్ లామ్ కణాల్లో బాగా ఉంటుంది. రొమ్ము కణుతుల్లో ఈస్ట్రోజన్ రిసెప్టర్‌తోనూ (కణంలో ఆ హార్మోన్ అతుక్కునే ప్రోటీన్) దానికి లంకె ఉంది. అందుకే రెండు జబ్బుల మధ్య దారులు వెతికేవాళ్ళు దీన్ని ఆసక్తిగా చూస్తున్నారు.

మనకి దీంతో ఇప్పుడు పనేమీ లేదు. ఇలాంటి తేడాలు ఆరోగ్యంగా ఉన్న లక్షలమందిలోనూ ఉంటాయి. దీనికోసం డబ్బు పెట్టి టెస్ట్ చేయించకండి.

ఈస్ట్రోజన్ పాత్ర ఎంత?

గట్టిదే. లామ్ దాదాపు ఆడవాళ్ళకే వస్తుంది, గర్భంలో ముదరొచ్చు, ముట్లు ఆగాక చాలామందిలో నెమ్మదిస్తుంది. లామ్ కణాల మీద ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ రిసెప్టర్లు ఉంటాయి. టీఎస్‌సీ2 లేని కణాలు ఈస్ట్రోజన్ సాయంతో రక్తంలో బతికి ఊపిరితిత్తి చేరుతున్నాయని ఎలుకల్లో చూశారు. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం హార్మోన్ పాజిటివ్ అన్నది తెలిసిందే.

అయితే ఈస్ట్రోజన్‌ని అడ్డుకుంటే లామ్ ఆగిపోతుందా? ఒకప్పుడు అలాగే అనుకుని అండాశయాలు తీసేశారు, ప్రొజెస్టరాన్ ఇచ్చారు, టామాక్సిఫెన్ ఇచ్చారు. నమ్మదగ్గ ఫలితం రాలేదు. లామ్‌కి హార్మోన్ చికిత్స వద్దని అమెరికా, జపాన్ ఛాతీ వైద్యుల సంఘాలు 2016లో ఇచ్చిన గైడ్‌లైన్ చెబుతోంది.

సూటిగా చెప్పండి. లామ్ ఉంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు ఎన్ని రెట్లు?

2016 పరిశోధనలో జపాన్, స్పెయిన్, బ్రిటన్ దేశాల లామ్ రోగుల్ని తీసుకున్నారు. 2000 నుంచి 2014 దాకా ఆయా దేశాల్లో మామూలు ఆడవాళ్ళకి వచ్చిన రేటుతో పోల్చారు. మూడు దేశాలూ కలిపి చూస్తే 2.81 రెట్లు. ముట్లు ఆగని వయసువాళ్ళని మాత్రమే తీసుకుంటే 4.88 రెట్లు.

అంకె చూసి గుండె జారనక్కర్లేదు. లామ్ అరుదైన జబ్బు, అందులో క్యాన్సర్ వచ్చినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. అందుకే ఆ 2.81 పక్కనే, అసలు విలువ 1.32 నుంచి 5.57 దాకా ఎక్కడైనా ఉండొచ్చని కూడా రాశారు. ఇంకో సంగతి. రెట్లు అన్నది పోలిక మాత్రమే. మాటవరసకి చిన్న వయసులో ఏడాదికి రెండువేల మందిలో ఒకరికి వచ్చే జబ్బు మూడు రెట్లయితే రెండువేల మందిలో ముగ్గురు. మిగతా 1997 మంది మామూలుగానే ఉంటారు.

నాకు ఒక అనుమానం కూడా ఉంది. లామ్ ఉన్నవాళ్ళని ఆస్పత్రులు ఎక్కువగా చూస్తాయి, సీటీలు ఎక్కువగా తీస్తాయి. బయటపడకుండా ఉండిపోయే చిన్న గడ్డలు కూడా అలా బయటపడతాయి. అంకెలో కొంత దానివల్లా వచ్చి ఉండొచ్చు. అయినా ముప్పు పెరుగుతుందన్న మాటని నేను కొట్టిపారేయను. వయసు తక్కువగా ఉన్నప్పుడే ఎక్కువ కనిపించడం ఈస్ట్రోజన్ కథకి సరిగ్గా అతుకుతోంది.

నాకు లామ్ ఉంది కాబట్టి బీఆర్‌సీఏ టెస్ట్ చేయించుకోవాలా?

లామ్ ఒక్కటే కారణమైతే అక్కర్లేదు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 చెడిపోయిన డీఎన్‌ఏని రిపేరు చేసే జన్యువులు. ఎంటార్ దారితో వాటి పని వేరు. ఇంట్లో చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్, మగవాళ్ళకి రొమ్ము క్యాన్సర్, ఇలాంటివి ఉంటే లామ్ ఉన్నా లేకపోయినా జెనెటిక్ కౌన్సెలర్‌ని కలవాల్సిందే.

## పరీక్షల దగ్గర

మామోగ్రామ్ ఏ వయసునుంచి చేయించుకోవాలి?

2016, 2017 లామ్ గైడ్‌లైన్లు రొమ్ము పరీక్ష జోలికి వెళ్ళలేదు. మామూలు ఆడవాళ్ళకి అమెరికా నిపుణుల బృందం 2024లో చెప్పింది 40 ఏళ్ళనుంచి 74 దాకా రెండేళ్ళకొకసారి అని. మన దేశంలో ప్రభుత్వ కార్యక్రమం కింద 30 ఏళ్ళు దాటినవాళ్ళకి అయిదేళ్ళకొకసారి డాక్టర్ గానీ, శిక్షణ ఉన్న నర్సు గానీ చేత్తో పరీక్షించాలి.

లామ్ ఉన్నవాళ్ళు 40 దాకా ఆగకుండా, పేరు తేలిన ఏడాదే ఒకసారి రొమ్ము డాక్టర్‌కి చూపించుకుని, ఎప్పుడు ఏది చేయించాలో రాయించుకోవడం మేలని నా అభిప్రాయం. వయసు తక్కువైతే రొమ్ము కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో గడ్డ దాక్కుంటుంది, అప్పుడు అల్ట్రాసౌండ్ జతచేస్తారు. ఛాతీ డాక్టర్ దీని గురించి ఎత్తకపోవచ్చు. ఆయన చూసేది ఊపిరితిత్తులు. మీరే అడగాలి.

మామోగ్రామ్‌లో గట్టిగా నొక్కుతారు కదా, ఊపిరితిత్తి పగిలిపోదా?

నొక్కేది రెండు పలకల మధ్య రొమ్మునే, పక్కటెముకల్ని కాదు. ఊపిరితిత్తి మీద ఒత్తిడి పడదు. రేడియేషన్ కూడా ఛాతీ సీటీతో పోలిస్తే చాలా తక్కువ.

జాగ్రత్త పడాల్సింది సూది పరీక్ష దగ్గర. గడ్డలో సూది పెట్టేటప్పుడు పొరపాటున వెనక ఊపిరితిత్తికి తగలడం అరుదుగా ఎవరికైనా జరుగుతుంది. మనకి జరిగితే నష్టం ఎక్కువ. అందుకని సూది తీసేలోపే "నాకు ఊపిరితిత్తుల్లో తిత్తులున్నాయి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ చేయండి" అని చెప్పండి. నేను ఈ మాట ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాయించుకుని, ఆస్పత్రి ఫైలు మొదటి పేజీకి పిన్ను కొట్టి ఉంచుతాను. బల్ల మీద పడుకున్నాక మాట పెగలదు, కాగితం అయితే ఎవరో ఒకరు చదువుతారు.

నాది రొమ్ము క్యాన్సర్. సీటీలో ఊపిరితిత్తుల్లో సిస్టులున్నాయన్నారు. పాకిందంటారా?

రొమ్ము క్యాన్సర్ ఊపిరితిత్తికి పాకితే సాధారణంగా గట్టి గింజల్లాంటి మచ్చలు కనిపిస్తాయి. పల్చటి గోడలున్న గుండ్రటి తిత్తులు రెండువైపులా నిండుగా ఉంటే డాక్టర్లు వేరే జబ్బుల గురించి ఆలోచిస్తారు. లామ్ అందులో ఒకటి. బర్ట్-హాగ్-డూబే అనే ఇంకో జన్యు జబ్బూ ఉంది, దాని చుట్టం రొమ్ము క్యాన్సర్ కాదు, కిడ్నీ క్యాన్సర్. స్టేజ్ నాలుగు అని ఎవరైనా అనేముందు ఆ సీటీని అరుదైన ఊపిరితిత్తుల జబ్బులు చూసే డాక్టర్‌కి ఒకసారి చూపించమని అడగండి.

## మందులు మొదలయ్యాక

సిరోలిమస్ వాడుతున్నాను. రొమ్ము క్యాన్సర్ రాకుండా కూడా ఆపుతుందా?

అలా అనుకోకండి. సిరోలిమస్ ఎంటార్‌కి అడ్డుపడుతుంది, నిజమే. 89 మందితో చేసి 2011లో ప్రచురించిన మైల్స్ ట్రయల్‌లో మందు వేసుకున్నవాళ్ళ ఊపిరి సామర్థ్యం ఏడాదిపాటు నిలకడగా ఉంది. ఉత్త మాత్ర వేసుకున్నవాళ్ళకి తగ్గుతూ పోయింది. మందు ఆపగానే వీళ్ళకీ తగ్గడం మొదలైంది. ఆ ఆధారంతోనే 2015లో అమెరికాలో లామ్‌కి అనుమతి వచ్చింది. రొమ్ము క్యాన్సర్ రాకుండా ఆపుతుందని మాత్రం ఎవరూ చూపించలేదు. ఇది రోగనిరోధక శక్తిని తగ్గించే మందు కూడా. లింఫోమా, చర్మ క్యాన్సర్ల గురించి మందు డబ్బాలోని కాగితం మీదే హెచ్చరిక ఉంటుంది.

మాటల్లో మాట. ఈ మందు ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది. దాన్ని వేరుచేసిన బృందాన్ని నడిపింది మన బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివిన సురేన్ సెహగల్.

ఎవరోలిమస్ రొమ్ము క్యాన్సర్ మందట. అది నా మందేనా?

మీ మందుకి తోబుట్టువు. రెండూ ఎంటార్ మీదే పనిచేస్తాయి. హార్మోన్ పాజిటివ్, హెర్2 నెగటివ్ (హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువ లేని) రొమ్ము క్యాన్సర్ ముదిరినప్పుడు ఎక్సెమెస్టేన్ అనే హార్మోన్ మందుతో కలిపి ఎవరోలిమస్ వాడటానికి 2012లో అమెరికాలో అనుమతి ఇచ్చారు. ట్యూబరస్ స్క్లెరోసిస్‌లో వచ్చే కిడ్నీ గడ్డలకీ అదే వాడతారు. రెండు జబ్బులూ ఒకే దారిలో ఉన్నాయనడానికి మందుల షాపులో కనిపించే సాక్ష్యం ఇదే. కానీ మోతాదులు వేరు, అవసరాలు వేరు. ఒకదాని బదులు ఒకటి సొంతంగా వేసుకునేవి కావు.

లామ్ ఉండగా రొమ్ము క్యాన్సర్ తేలింది. ఇప్పుడు చికిత్స మారుతుందా?

మారకపోవచ్చు, జాగ్రత్తలు మాత్రం పెరుగుతాయి. సిరోలిమస్ గాయాన్ని తొందరగా మాననివ్వదు, కాబట్టి ఆపరేషన్‌కి ముందు ఎన్ని రోజులు ఆపాలో, తర్వాత ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్, ఛాతీ డాక్టర్ కలిసి చెప్పాలి. రేడియేషన్‌లో పక్కనున్న ఊపిరితిత్తికి కొంత తగులుతుంది. ముందే పీఎఫ్‌టీ (ఊపిరి సామర్థ్యం కొలిచే పరీక్ష) చేయించి ఆ కాగితం రేడియేషన్ డాక్టర్ చేతిలో పెట్టండి. ఎడమవైపు రొమ్ముకైతే గుండెని కాపాడటానికి ఊపిరి బిగబట్టమంటారు. అంతసేపు మన వల్ల అవుతుందో లేదో ముందే చూసుకోవాలి.

రైబోసిక్లిబ్ లాంటి రొమ్ము క్యాన్సర్ మందు రక్తంలో సిరోలిమస్‌ని పెంచేస్తుంది. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ బాగా తగ్గించేస్తుంది. టామాక్సిఫెన్, లెట్రోజోల్ లామ్‌కి మందులు కావన్న మాట విని రొమ్ము క్యాన్సర్‌కి రాసినవి మానేసినావిడ ఒకరు నాకు తెలుసు. అలా చేయకండి. క్యాన్సర్‌కి అవి కావాలి.

గర్భనిరోధక మాత్రలు, ముట్లు ఆగాక ఇచ్చే హార్మోన్లు వాడొచ్చా?

ఈస్ట్రోజన్ ఉన్నవి వద్దు. కాపర్ టీ లాంటివి అడగండి. గైనకాలజిస్టుకి లామ్ సంగతి తప్పకుండా చెప్పండి.

తిండిలో ఏమైనా మానాలా?

సిరోలిమస్ వేసుకునేవాళ్ళు పంపరపనస, గ్రేప్‌ఫ్రూట్ మానాలి, మందు మోతాదు రక్తంలో పెరిగిపోతుంది. మాత్రని రోజూ ఒకే పద్ధతిలో, అన్నంతో అయితే అన్నంతోనే, పరగడుపున అయితే పరగడుపునే వేసుకోండి. మిగతా పథ్యాలు చుట్టాలు చెప్పేవే.

## ఇంట్లోవాళ్ళ గురించి

మా అమ్మాయికి వస్తుందా?

మీ లామ్ ఏ రకమో తెలిస్తే జవాబు తెలిసినట్టే. ఎక్కువమందిది స్పొరాడిక్ లామ్. టీఎస్‌సీ2 రెండు ప్రతులూ పుట్టాక, శరీరంలో ఎక్కడో ఒక కణంలో చెడ్డాయి. 2000లో ఇలాంటివాళ్ళ కిడ్నీ గడ్డలో, ఊపిరితిత్తిలో ఆ మార్పు దొరికింది, రక్తంలో దొరకలేదు. అండంలో లేనిది బిడ్డకి వెళ్ళదు. లామ్ కారణంగా మీకు పెరిగిన రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా అమ్మాయికి ఆస్తిలా రాదు.

రెండో రకం ట్యూబరస్ స్క్లెరోసిస్‌తో వచ్చేది. అందులో ఒక ప్రతి పుట్టుకతోనే చెడి ఉంటుంది. ప్రతి బిడ్డకీ వెళ్ళే అవకాశం సగానికి సగం, ఆడైనా మగైనా. చర్మం మీద ఆకు ఆకారంలో తెల్ల మచ్చలు, ముక్కు పక్కన చిన్న ఎర్ర పొక్కులు, చిన్నప్పుడు ఫిట్స్, ఇవి ఉన్నాయేమో చూస్తారు. స్పొరాడిక్ అని రాసే ముందు మీ చర్మం, కిడ్నీలు, అవసరమైతే మెదడు స్కాన్ చూశారో లేదో అడగండి. కొందరిలో ట్యూబరస్ స్క్లెరోసిస్ పైకి కనిపించనంత తేలిగ్గా ఉంటుంది.

మా చెల్లికి పెళ్ళి చూపులు. నా జబ్బు సంగతి అవతలివాళ్ళకి చెప్పాలా?

ఈ ప్రశ్న ఎప్పుడూ గొంతు తగ్గించే అడుగుతారు. మీది స్పొరాడిక్ లామ్ అయితే మీ చెల్లికి దాంతో సంబంధం లేదు, ఆమె సంబంధంలో అది చర్చకి రావాల్సిన పనీ లేదు. ట్యూబరస్ స్క్లెరోసిస్ అయితే ముందు చెల్లి పరీక్ష చేయించుకోవాలి. చెప్పాలా వద్దా అన్నది ఆ ఫలితం చేతికొచ్చాక ఆమె తేల్చుకోవాలి. మీరు కాదు, అమ్మానాన్నలూ కాదు.

మా అమ్మకి, పిన్నికి రొమ్ము క్యాన్సర్. నాకు లామ్. ఇదంతా ఒకటేనా?

చాలావరకు రెండు వేరువేరు కథలు ఒకే ఇంట్లో కలిశాయి. 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు సుమారు 1.92 లక్షల మంది. అంత మామూలైన జబ్బు లామ్ ఉన్నవాళ్ళ ఇళ్ళలోనూ ఉంటుంది. అయితే ఇద్దరు దగ్గరి చుట్టాలకి వచ్చిందంటే కుటుంబ చరిత్ర కింద జన్యు పరీక్ష గురించి కౌన్సెలర్‌ని కలవాలి. వీలైతే ముందు అమ్మకే పరీక్ష చేయిస్తే మేలు. క్యాన్సర్ వచ్చిన మనిషిలో మార్పు దొరికితే మీలో, మీ అక్కచెల్లెళ్ళలో ఏం వెతకాలో తెలుస్తుంది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు అమ్మవైపు, నాన్నవైపు ఎవరికి ఏ వయసులో ఏ క్యాన్సర్ వచ్చిందో రాసుకుని వెళ్ళండి. నాన్నవైపు మేనత్తల్ని మర్చిపోతుంటారు, అటువైపు నుంచి కూడా వస్తుంది.